నల్లా నీటిలో కనిపించని సీసము

తెల్లవారుజామున నల్లా విప్పి, మొదట వచ్చిన నీటినే బిందెకు పట్టుట గోదావరిఖని కార్మికవాడలలో మనకందరకు అలవాటు. రాత్రియంతయు గొట్టములో నిలిచియున్న ఆ మొదటి చెంబెడు నీరే ఈ వ్యాసమునకు విషయము. మురికిని కన్ను పట్టును, మురుగును ముక్కు పట్టును. సీసమును మాత్రము ఏ ఇంద్రియమును పట్టజాలదు. నీటిలో కరిగిన సీసమునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు.

త్రాగునీటికి మన దేశములో అమలులో నున్న ఐ.ఎస్. 10500 ప్రమాణము ప్రకారము లీటరు నీటిలో సీసము 0.01 మిల్లీగ్రామును మించరాదు. ఈ అంకె ఎంత చిన్నదో ఊహించుటకు ఒక లెక్క వేయుదము. లక్ష లీటర్లు పట్టు ట్యాంకులో ఒక్క గ్రాము సీసము కరిగినచో ఆ హద్దు వచ్చినట్లే. ఫ్లోరైడుకు ఇదే ప్రమాణములో హద్దు 1 మిల్లీగ్రాము. అనగా సీసము విషయమున మనము నూరు రెట్లు కఠినముగా నుండవలసివచ్చినది.

కారణము శరీరధర్మములోనే కలదు. సీసము దేహమునకు కాల్షియమువలె కనిపించును. కనుక ఎముకలలో చేరి, దశాబ్దముల తరబడి అక్కడనే నిలిచి, మెల్లగా రక్తములోనికి దిగుచుండును. రక్తమునకు ఎఱ్ఱదనమునిచ్చు పదార్థము తయారగుటను అడ్డగించును. పెద్దలకంటె పసిపిల్లల ప్రేగులు సీసమును 4, 5 రెట్లు ఎక్కువగా పీల్చుకొనును. ఆహారములో ఇనుము, కాల్షియము కొరవడిన పిల్లలలో అది ఇంకను హెచ్చు. పేదయింటి బిడ్డకు ఇది రెండింతల శిక్ష. వారి మెదడు ఎదుగుదలకు కలుగు నష్టము తిరిగిరాదు. ఇంత సీసమైనచో హాని లేదని చెప్పదగిన హద్దు ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మన తెలుగునాట నీటిదోషమనగానే నల్లగొండ స్ఫురించును. అక్కడి ఫ్లోరైడు రాతిలోనుండి బావిలోనికి వచ్చినది. అందువలన నీటివనరును మార్చినచో కష్టము తగ్గును. సీసము కథ వేరు. నదిలో లేని సీసము నల్లాలో రావచ్చును. పాత సీసపు గొట్టములు, టంకము వేసిన అతుకులు, నాసిరకపు ఇత్తడి నల్లాలు, సీసపు లవణములు కలిపి చేసిన పి.వి.సి. గొట్టములు, ఇవి దాని పుట్టినిండ్లు. పి.వి.సి. గొట్టములలో సీసమును నియంత్రించు నియమములు మన దేశములో 2021లోగాని రాలేదు. అంతకు ముందు గోడలలో పూడ్చిన గొట్టములు అక్కడనే యున్నవి. అమెరికాలోని ఫ్లింట్ నగరమున 2014లో జరిగినది ఇదియే: నీటివనరును మార్చి, గొట్టములు తినిపోకుండ కలుపవలసిన మందును కలుపక పోయిరి, పాత గొట్టములలోని సీసము ఇండ్లలోనికి దిగినది.

ఇక మన బొగ్గుగనుల ప్రాంతము. బొగ్గును కాల్చిన పిమ్మట మిగులు బూడిదలో సీసము, ఆర్సెనిక్, క్రోమియము స్వల్పముగా నుండును. రామగుండమున 1983 నుండి విద్యుత్తును ఉత్పత్తి చేయుచున్న ఎన్.టి.పి.సి. కేంద్రము సామర్థ్యము 2600 మెగావాట్లకు పెరిగినది. ఇంతటి కేంద్రము చెంత బూడిద చెరువులు తప్పవు. వాటి అడుగు గట్టిగా లేనిచో ఆ లోహములు భూగర్భజలములోనికి ఊరవచ్చును. కనుక అట్టిచోట బోరు నీటిని పరీక్షింపక త్రాగరాదు. గనినుండి తోడిపోయు నీరు సామాన్యముగా కఠినజలము. శుద్ధిచేయనిదే త్రాగుటకు తగదు.

తొందరపాటు నిర్ణయము ఎంత ప్రమాదమో ఏలూరు చెప్పుచున్నది. 2020 డిసెంబరులో ఆ పట్టణమున ఆరువందలమందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలైరి. రోగుల రక్తములో సీసము, నికెల్ ఉన్నట్లు ఢిల్లీ ఎయిమ్స్ కనుగొన్నది. ఊరంతయు నీటినే దోషిగా నిలిపినది. కాని తొలి పరీక్షలలో పట్టణపు నీటిలో సీసము మితిమీరినట్లు తేలలేదు. పిదప నిపుణుల అనుమానము పురుగుమందుల అవశేషములమీదికి మళ్లినది. రక్తములో సీసమున్నంత మాత్రమున అది నీటినుండియే వచ్చినదని చెప్పజాలము. రంగులు, పాత బ్యాటరీలు, కల్తీ కళాయి కూడ దారులే. కళాయి అనగా తగరపు పూత. ఉర్దూలోను అదే మాట. తగరములో చౌకగా సీసము కలిపిన పూతగల గిన్నెలో చింతపండు పులుసు కాచినచో సీసము కూరలోనికి దిగును.

చాలమంది చేయు పొరపాటొకటి చెప్పవలెను. కాచుటవలన క్రిములు చచ్చునేగాని సీసము పోదు. నీరు ఆవిరియగుకొలది అది చిక్కబడును. క్లోరిన్‌తోను, గుడ్డతో వడబోయుటతోను ప్రయోజనము లేదు.

రసాయనశాలలో సీసపు లవణమునకు పొటాషియం అయొడైడ్ చేర్చి బంగారు పసుపు అవక్షేపమును చూచినవారు, అదే పరీక్షను నల్లా నీటిపై చేయవచ్చుగదా యని అడుగుదురు. చేయరాదు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము సీసమున్నచోట ఆ పసుపు ఎన్నటికిని కనిపించదు. కనిపించలేదు గనుక నీరు మంచిదని తలచుటయే అపాయము. దీనికి పరమాణు శోషణ వర్ణపటమాపకము వంటి పరికరముండవలెను. అది మన కళాశాలలో లేదు. ఉన్న ప్రయోగశాలకు నమూనాలు పంపవలసియున్నది.

కళాశాల కమిటీవారికి విన్నపము: రసాయనశాఖ విద్యార్థులచేత కళాశాలలో మనము త్రాగు ప్రతి నల్లానుండి రెండేసి నమూనాలు తీయించుడు. ఆరు గంటలు నిలిచిన పిమ్మట వచ్చు మొదటి లీటరు ఒక పాలిథీన్ సీసాలో, నల్లాను 5 నిమిషములు వదలిన పిమ్మట మరియొక లీటరు రెండవ సీసాలో పట్టవలెను. లోహము సీసా గోడలకు అంటకుండ స్వచ్ఛమైన నత్రికామ్లము కొలది చుక్కలు చేర్చి, సీసాపై నల్లా పేరు, గంట వ్రాయవలెను. మొదటి సీసాలో సీసము హెచ్చుగను, రెండవదానిలో తక్కువగను ఉన్నచో దోషము మన భవనపు గొట్టములదే. రెండింటను హెచ్చుగా నున్నచో వెలుపల వెదుకవలెను.