డిగ్రీ తర్వాత చదువుకు డబ్బులు

తమ్ముళ్లూ, తొర్రూరు హాస్టల్ నుంచి డిగ్రీకి పోయిన మాలో చాలామందిమి ఫీజు రీయింబర్స్‌మెంట్‌తోనే స్కాలర్‌షిప్‌లు అయిపోయాయనుకున్నాం. అంబేడ్కర్ గారు 1913లో కొలంబియా వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. ఎస్సీలు విదేశాల్లో చదవడానికి కేంద్రం 1954-55 నుంచి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది. వయసు 35 దాటకూడదు, కనీసం 60 శాతం మార్కులు కావాలి. మేమేమో పాసైతే చాలనుకున్నాం. 57 దగ్గర ఆగినవాళ్లం ఉన్నాం. మీరు ఫస్టియర్ నుంచే చూసుకోండి.

ఇక్కడే పీహెచ్‌డీ చేయాలంటే యూజీసీ నెట్ ఒక దారి. పీజీ ఫైనలియర్‌లోనే రాయొచ్చు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు (2023 జనవరి నుంచి). ఎస్సీ నేషనల్ ఫెలోషిప్‌కూ నెట్ మార్కులే ఆధారం. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి. ఆఖరి రోజు సర్వర్ సంగతి మీకు తెలిసిందే.