ఆంప్ పెట్టిస్తే వారంటీ మొత్తం పోతుందా?

కారు కొని మూడో నెల అనుకుందాం. షోరూంలో బాగానే వినిపించిన పాట రాజీవ్ రహదారి ఎక్కగానే గాలి హోరులో కలిసిపోతోంది. కార్ డెకార్స్ షాపుకు వెళ్లారు. ఆంప్, సీటు కింద పట్టే చిన్న ఊఫరు, ఫిట్టింగుతో కలిపి 22 వేలు. సాయంత్రానికి బండి చేతికొచ్చింది. కాగితం మాత్రం రాలేదు, ఫోనులో డబ్బు కట్టిన గుర్తు ఒక్కటే మిగిలింది. రెండు నెలలకు ఏసీ ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో బానెట్ ఎత్తారు, బ్యాటరీ నుంచి లోపలికి పోతున్న ఎర్ర తీగను చూశారు. "బయట వైరింగ్ చేయించారు కదా సార్, వారంటీ పోయింది" అన్నారు.

ఆ మాటకు తలూపి జేబులోంచి డబ్బు తీయకండి. ఆంప్ తీగకూ ఏసీ ఆగిపోవడానికీ సంబంధం ఏమిటని ముందు అడగండి. ఈ ప్రశ్న అడిగే హక్కు మీకుంది.

2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద పెద్ద ఉత్తర్వు ఇచ్చింది. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టొయోటా అందులో ఉన్నాయి. జరిమానా అన్నీ కలిపి 2,544 కోట్ల పైమాటే. విడిభాగాలను, మరమ్మతులను తమ గుప్పిట్లో పెట్టుకున్నారన్నది ప్రధాన ఆరోపణ. సామాన్యుడికి పనికొచ్చే మాట అందులో ఒకటుంది. బయట మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదు. బయట చేసిన పని వల్ల ఏ భాగం చెడిందో అంతవరకే, అదీ పరిస్థితులు స్పష్టంగా చూపినప్పుడే, వారంటీ నిరాకరించాలి. ఈ ఉత్తర్వు మీద కంపెనీలు పైకి వెళ్లాయి. 2016 డిసెంబరులో అప్పీలు ట్రైబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల విషయంలో తప్పు తప్పేనంటూ జరిమానాను మాత్రం తగ్గించింది.

ఉత్తర్వు నేరుగా మాట్లాడింది మరమ్మతుల గురించి, ఆంప్ గురించి కాదు. కానీ అందులోని న్యాయం ఇక్కడికీ సరిపోతుందని నా అభిప్రాయం. వినియోగదారుల కమిషన్ ముందు మీ వాదన దాని మీదే నిలబెట్టండి.

అయితే రెండో వైపు కూడా చూడాలి. మ్యూజిక్ డెక్కు కాలిపోయింది, స్పీకరు తీగ కరిగింది, బ్యాటరీ రాత్రికి రాత్రే దిగిపోతోంది అంటే కంపెనీ నిరాకరణలో బలం ఉంటుంది. ఎందుకో తెలుసుకుంటే షాపులో ఏం అడగాలో తెలుస్తుంది. గట్టిగా పాడే సమయంలో 400 వాట్ల ఆంప్ 12 వోల్టుల మీద 40 ఆంపియర్ల దాకా లాగగలదు. కంపెనీ డెక్కు ఫ్యూజు సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లది, దాని వెనకున్న తీగ కూడా అంతకు తగినదే. ఆ తీగ నుంచే ఆంప్‌కు కరెంటు తీసి, ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తే ఇక కాలేది తీగే. అందుకే ఆంప్‌కు బ్యాటరీ నుంచి వేరే లావు తీగ, బ్యాటరీకి జానెడు రెండు జానల దూరంలోనే దానికి సొంత ఫ్యూజు ఉండాలి. ఇంకొకటి: నేటి డెక్కుల్లో స్పీకరుకు పోయే రెండు తీగల్లోనూ సిగ్నల్ ఉంటుంది. నెగెటివ్ కదా అని ఒకదాన్ని బాడీకి ఎర్త్ చేస్తే డెక్కు లోపలి ఐసీ పోవచ్చు. కంపెనీ తీగను కోసి టేపు చుట్టే బదులు కప్లర్‌కు కప్లర్ కలిపే వైరింగ్ హార్నెస్ దొరుకుతుంది. కొన్ని వందలో, ఒకటి రెండు వేలో ఎక్కువవుతుంది. ఆ డబ్బు దగ్గర వెనకాడవద్దని గట్టిగా చెబుతాను. కోయని తీగను చూపించి వారంటీ నిరాకరించడం ఎవరికైనా కష్టం, ఆంప్ తీసేస్తే కారు మళ్లీ మొదటిలా ఉంటుంది.

షాపు వాళ్ల బాధ్యత సంగతికి వద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఫిట్టింగు కూడా సేవే. అందులో లోపానికి షాపు జవాబుదారీ. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని రాసుంటే భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కూడా ఆ సెక్షన్ కిందకే వస్తుంది. బిల్లు మీద ఆంప్ మోడలు, సీరియల్ నంబరు, ఫ్యూజు ఎంతది, కరెంటు ఎక్కడి నుంచి తీశారు, కంపెనీ తీగ కోశారా లేదా అన్న వివరాలు రాయించండి. తెలుగులో రాసినా చాలు, షాపు ముద్ర, సంతకం ఉంటే.

డెలివరీకి ముందు షోరూం వాళ్లే యాక్సెసరీల పేరుతో ఆంప్ పెట్టించారా? అప్పుడు బయటి పని అన్న మాటే రాదు. బిల్లు షోరూందైతే, ఫిట్టింగు చేసిన కుర్రాడు ఎవరైనా, జవాబు చెప్పాల్సింది షోరూమే. యాక్సెసరీలు కొంటేనే కారు ఇస్తామనడం చట్టం దృష్టిలో నిర్బంధ వ్యాపార పద్ధతి.

చట్టంలో మనకు ఎదురు తిరిగే సెక్షన్ ఒకటుంది, దాన్ని దాచను. సెక్షన్ 87 ప్రకారం నష్టం జరిగే నాటికి వస్తువును మార్చి ఉంటే, అమ్మినవారి మీద ఉత్పత్తి బాధ్యత దావా నిలవదు. కారు వైరింగును ఇష్టమొచ్చినట్టు కోసి, ఆ తర్వాత మంటలు లేస్తే కారు అమ్మిన షోరూం ఈ సెక్షన్‌నే చూపిస్తుంది.

ఫిర్యాదుకు కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య మొదలైన రోజు నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబుకు పంపగలదు. ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, అక్కడే తెమిలిపోయే గొడవలూ ఉంటాయి. కేసు ఆన్‌లైన్‌లో వేయాలంటే 2025 జనవరి నుంచి ఈ-జాగృతి ఉంది. ట్యాక్సీ నడిపి బతికేవారు తమకు ఈ చట్టం వర్తించదని అనుకోవద్దు. సొంత జీవనోపాధి కోసం కొన్న బండి యజమాని కూడా వినియోగదారుడే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100.

ఇన్సూరెన్సు విషయం చాలామంది మరిచిపోతారు. కంపెనీ ధరలో లేని ఎలక్ట్రికల్ సామాను పాలసీలో చేరాలంటే ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంటు తీసుకోవాలి. 2002 నాటి మోటారు టారిఫ్ లెక్కలో దాని ప్రీమియం సామాను విలువలో 4 శాతం, అంటే 22 వేల సెటప్‌కు ఏడాదికి 880 రూపాయలు. చెప్పకుండా పెట్టించుకుంటే ఆంప్ విలువ రాదు. ఇక కారుకు మంటలు లేస్తే? ప్రామాణిక పాలసీలో అగ్నిప్రమాదం, తనంతట తాను అంటుకోవడం కవరవుతాయి, ఒట్టి ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ కవరవదు. కాబట్టి బీమా కంపెనీ ఏ పదం వాడుతోందో చూడండి. షరతు ఉల్లంఘన ప్రమాదానికి కారణం కానప్పుడు క్లెయిమ్ కొట్టేయడం తగదని 1996లో ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2010లో ఇంకో కేసులో, షరతు తప్పినా క్లెయిమును పూర్తిగా తోసిపుచ్చకుండా నాన్-స్టాండర్డ్ లెక్కన చెల్లించాలంది. మే నెల ఎండలో ఆదిలాబాద్ దారిలో కారుకు మంటలు లేస్తే ముందు 101కి ఫోన్ చేయండి. సర్వేయర్ చూసేదాకా కాలిన తీగలను ఎవరినీ ముట్టనివ్వకండి. ఎర్ర తీగ కాలిందా, లేక మంట ఇంజను దగ్గర మొదలైందా అన్నది తేలేది అక్కడే.

ఆర్టీవో భయం కొంత ఉంది, అందులో కొంత అనవసరం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుకునేది ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా చేసే మార్పులను. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. ఆంప్ ఆర్సీలో ఉండదు. కానీ పెద్ద ఊఫరు పెట్టె కోసం వెనక సీటు పీకేస్తే సీట్ల సంఖ్య మారుతుంది, అది ఆర్సీలో ఉంటుంది. ఇక శబ్దం: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా ఆంప్లిఫైయర్ మోగించడాన్ని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నిషేధించాయి. దవాఖాన, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. అద్దాలు ఎత్తుకుని వినేవారికి ఈ గొడవే లేదు.

మళ్లీ సర్వీస్ సెంటర్‌కు. వారంటీ ఇవ్వలేమని వాళ్లంటే ఆ మాటను జాబ్ కార్డు మీద రాసివ్వమనండి. ఏ భాగం చెడింది, స్కానింగులో ఏ లోపం కోడ్ వచ్చింది, ఆంప్ తీగ వల్లే అని ఎలా తేల్చారు, వారంటీ పుస్తకంలో ఏ నిబంధన కింద నిరాకరిస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. రాసివ్వకపోతే అదే రోజు ఈమెయిలులో మీరే రాసి పంపండి, స్పీడ్ పోస్టులో ఒక కాపీ వేయండి. మరమ్మతు చేయించక తప్పదనుకుంటే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని బిల్లు మీద రాసి కట్టండి, తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి.

బిల్లు లేకుండా ఇప్పటికే పెట్టించుకున్నవారు ఈ వారంలోనే ఆ షాపుకు వెళ్లి బిల్లు అడగండి. ఇవ్వకపోతే "ఫలానా తేదీన నా కారుకు మీరు ఈ ఆంప్ పెట్టారు, ఇంత తీసుకున్నారు, బిల్లు పంపండి" అని వాట్సాప్‌లో రాయండి. "సరే అన్నా, పంపుతా" అన్న జవాబు వచ్చినా అది సాక్ష్యమే. ఆ చాట్, డబ్బు కట్టిన వివరం, వైరింగ్ ఫొటోలు ప్రింటు తీసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేసి, ఆర్సీతో పాటు ఒకే కవరులో పెట్టుకోండి.