అరిగిన దీనారాలు

ఉర్దూ చదివే విద్యార్థులు ఎరిగిన ‘దీనార్’ శబ్దానికీ, సంస్కృత గ్రంథాలలోని ‘దీనార’ శబ్దానికీ మూలం ఒక్కటే. అది ‘డినేరియస్’ అనే రోమను వెండి నాణెం. క్రీ.పూ. 211 ప్రాంతంలో ముద్రణ ఆరంభమైన ఈ నాణెం నాలుగు శతాబ్దాలకు పైగా చెలామణిలో ఉండినది. సేకరణకర్తలలో అధికులు బొమ్మ, అక్షరం చెక్కుచెదరని ప్రతులనే కోరుతారు. అరిగినవి చౌకగా లభిస్తాయి. అయితే నాణెం ఎంతకాలం చేతులు మారినదో తెలిపేది ఆ అరుగుదలయే.

మార్క్ ఆంటోనీ నాణేలు ఇందుకు మంచి నిదర్శనం. క్రీ.పూ. 32–31లో ఆక్టేవియన్‌తో యుద్ధానికి సిద్ధపడుతూ, సైనికుల జీతాల కోసం ఆంటోనీ వీటిని విస్తారంగా ముద్రింపజేశాడు. ఒకవైపు తెడ్ల ఓడ, రెండవవైపు రెండు ధ్వజాల నడుమ గ్రద్ద చిహ్నం, దానితో సేనాదళం సంఖ్య ఉంటాయి. వీటిలో ఇనుము కలిపించాడని ప్లినీ ఆరోపించాడు గాని, కలిసినది రాగి. ఏమైనా సమకాలిక నాణేల కన్న వీటిలో వెండి తక్కువ. ఆక్టియం వద్ద ఆంటోనీ ఓడిపోయాడు. మరుసటి ఏడే మరణించాడు. అతని నాణేలు మాత్రం రెండు వందల యేండ్లు బ్రతికాయి! మేలిమి వెండి నాణేలను జనం దాచుకొన్నారు, కరిగించుకొన్నారు. క్రీ.శ. 64లో నీరో తూకాన్నీ, వెండి పాలునూ తగ్గించిన పిదప ఆ ప్రవృత్తి హెచ్చినది. బాగా అరిగిన నాణేలను ట్రేజన్ చక్రవర్తి కరిగింపజేశాడని డియో కాసియస్ వ్రాశాడు. కరిగించినా లాభం స్వల్పమగుటచేత ఆంటోనీ నాణేలు మిగిలిపోయాయి. మూడవ శతాబ్ది ఆరంభంలో పాతిపెట్టిన నిక్షేపాలలో సైతం ఇవి కనిపిస్తాయి. అప్పటికి ఓడ కొన్ని గీతలుగా మాత్రమే మిగిలినది.

ఇట్టి నాణేలను ఏటవాలు వెలుతురులో పరిశీలించాలి. ఎత్తుగా ఉన్న చెంప, కేశాలు ముందు అరుగుతాయి. ఆకృతి చాలకాలం నిలుస్తుంది. ఆసనంపై కూర్చొని కొమ్మ పట్టిన స్త్రీ కనిపిస్తే అది టైబీరియస్ నాణెం కావచ్చును. నడుమ డాలులతో నిలిచిన ఇద్దరు యువకులైతే వారు అగస్టస్ మనుమలు గేయస్, లూసియస్.

మన దేశపు నిక్షేపాలలో అధికంగా లభించేవి సరిగా ఈ రెండు రకాలే. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1500కు పైగా రోమను వెండి నాణేలు దొరికాయి. టైబీరియస్ పాలన క్రీ.శ. 14–37 గనుక అతని నాణెం ఆ యేండ్లలోనే ఇచటికి చేరినదని నిర్ణయించరాదు. నీరో తరువాతి వర్తకులు పాత మేలిమి నాణేలను ఏరి తెచ్చి ఉండవచ్చును. నిక్షేపమంతటినీ ఒకచోట నుంచి, ఏది ఎంత అరిగినదో పోల్చినప్పుడే ఈ ప్రశ్నకు సమాధానం వెదకగలము. మన దేశంలో దొరికిన కొన్ని నాణేలపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాట్లున్నాయి. లోపల రాగి ఉన్నదేమోనని పరీక్షించారని కొందరు, ద్రవ్యంగా రద్దు చేశారని కొందరు అంటారు. పరీక్షకే అయితే ముఖాన్నే ఎంచుకోనక్కరలేదు గదా!

అందుచేత పొలంలో కుండతో నాణేలు బయటపడితే చింతపండుతో తోమరాదు, కంసాలికి ఇవ్వరాదు, పంచుకోరాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపాన్ని కలెక్టరుకు తెలియజేయాలి. దొరికిన చోటు, కుండ, నాణేల సంఖ్య ఆనాడే వ్రాసి ఉంచాలి.