తాళం మనం తీస్తే చాలదు



మేమిక్కడ చదివే రోజుల్లో స్టడీ అవర్‌లో లెక్క రాకపోతే సీనియర్ అన్న దగ్గరికి వెళ్ళేవాళ్ళం. అన్న గబగబా చేసి ఇచ్చేవాడు. నోటుబుక్కు నిండేది, పరీక్షలో మాత్రం చెయ్యి కదిలేది కాదు. తర్వాత మేమూ అన్నలమై అదే పొరపాటు చేశాం. మా చేత లెక్కలు చేయించుకున్న ఒక తమ్ముడు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. మళ్ళీ చదువుకు రాలేదు. ఆ బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాం.

తోటి విద్యార్థికి చదువు చెప్పడం కొత్తది కాదు. ఆండ్రూ బెల్ మద్రాసులో అనాథ బాలుర బడిలో పిల్లల చేతనే పిల్లలకు చెప్పించి, 1797లో దానిపై పుస్తకం వేశాడు. అమెరికాలో మిస్సోరి విశ్వవిద్యాలయం, కాన్సస్ సిటీలో 1973లో, ఒక కోర్సు బాగా చదివిన విద్యార్థి తర్వాతి వారికి తోడ్పడే పద్ధతి మొదలైంది. అలాంటి విద్యార్థి ట్యూటర్లకూ తర్ఫీదు కావాలి. అందుకు పనికొచ్చే ఒక సాధనం డిజిటల్ ఎస్కేప్ గేమ్.

ఇందులో తెరమీద ఒక గదిలో చిక్కుకుంటాం. చిక్కుముడి విప్పితే అంకె దొరుకుతుంది, అంకె కొడితే తాళం తెరుచుకుంటుంది. జపాన్‌లో 2004లో వచ్చిన 'క్రిమ్సన్ రూమ్' ఇలాంటి కంప్యూటర్ ఆటే. 2007లో క్యోటోలో ఇలాంటి ఆటను నిజమైన గదిలో ఆడించారు.

ట్యూటర్ల కోసం ఇలా మార్చుకోవచ్చు.

మొదటి తాళం: తమ్ముడు 1/2 + 1/3 = 2/5 అని రాశాడు. మీరేమంటారు?
1. జవాబు 5/6, రాసుకో.
2. తప్పు, మళ్ళీ చెయ్యి.
3. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా?

తాళం 3కే తెరుచుకుంటుంది. 2/5 సగం కన్నా తక్కువ కదా! తన తప్పు తనకే కనబడుతుంది.

రెండో తాళం: "అర్థమైందన్నా" అని తల వంచుకున్నాడు. అక్కడితో వదలకుండా, అలాంటిదే ఇంకో లెక్క వాడి చేతే చేయించాలి.

మూడో తాళం: "ఇంటికెళ్ళిపోతానన్నా" అన్నాడు. ఓపికగా విని, వార్డెన్ గారి దగ్గరికి తోడు తీసుకెళ్ళాలి. అన్నీ మనమే తీర్చలేం.

దీనికి గూగుల్ ఫారమ్ చాలు. సరైన అంకె వేస్తేనే తర్వాతి భాగం వచ్చేలా పెట్టుకోవచ్చు. కంప్యూటర్ లేకపోతే చీటీలు, అంకెల తాళం వేసిన ట్రంకు పెట్టె ఉన్నా సరిపోతుంది. నలుగురు కలిసి అరగంట ఆడవచ్చు.

అసలు పాఠం ఆట అయ్యాక ఉంది. ఏ తాళం దగ్గర ఎందుకు తొందరపడ్డామో కూర్చుని మాట్లాడుకోవాలి. అది లేకపోతే ఆట ఆటగానే మిగులుతుంది. ఆట గెలిచినంత మాత్రాన మంచి ట్యూటర్ కాలేరు. రోజూ ఒక తమ్ముడి పక్కన కూర్చోవాల్సిందే.

ఈసారి జూనియర్ మీ దగ్గరికి నోటుబుక్కు తెస్తే, పెన్ను వాడి చేతిలోనే ఉండనివ్వండి. మేము ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే.