వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మాత్ర

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం కావాలన్నారు. మా ఇంట్లో జరిగిన సంగతే రాస్తున్నాను.

లాల్‌దర్వాజాలో ఉండే మా పిన్నికి కీళ్ళవాతం. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి పొరబడి మన కీళ్ళ మీదే దాడి చేస్తుంది. ఇలాంటివాటిని ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. లూపస్ కూడా ఆ కోవలోదే. డాక్టరుగారు మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. ఈ మందు వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల నుంచే ఇది వచ్చింది. మొదట క్యాన్సర్‌కు వాడారు. 1988లో అక్కడ కీళ్ళవాతానికీ అనుమతి వచ్చింది.

కీళ్ళవాతానికైతే వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీలో ఆ మాట ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో చదవగలిగేది నేనొక్కడినే, నేనేమో పరీక్షలని హాస్టల్లో ఉన్నాను. పిన్ని రోజూ వేసుకుంది. తొమ్మిదో రోజుకు నోటినిండా పుండ్లు, జ్వరం. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఈ మందు మోతాదు మించితే ఎముకల లోపలి మజ్జను అణచేస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లకణాలు తయారయ్యేది అక్కడే. ఆసుపత్రిలో చేర్చుకొని విరుగుడు ఇచ్చారు కాబట్టి పిన్ని దక్కింది.

సరిగ్గా వాడినా, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో ఎంతో కొంత ముప్పు ఉంటుంది. స్టెరాయిడ్ల మోతాదు, వాడే కాలం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ రోగులతో మూసీ అవతల మన కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి నిండిపోవడం గుర్తుందా? అక్కడ జబ్బు కోవిడ్, కానీ చాలామందిలో షుగరుకు స్టెరాయిడ్లు తోడయ్యాయి.

క్షయ సంగతి ఇంకా వింతైనది. మన దేశంలో ఎందరి ఒంట్లోనో ఆ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. రక్షణ కణాలు దాని చుట్టూ గోడ కట్టి కాపలా కాస్తాయి. ఆ గోడ నిలవాలంటే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థం కావాలి. కీళ్ళవాతానికిచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ దాన్నే అడ్డుకుంటుంది. 2001లో అమెరికా పరిశోధకులు అలాంటి 70 క్షయ కేసులను పరిశీలిస్తే, 48 మందికి మూడు డోసుల లోపే జబ్బు బయటపడింది. అందుకే ముందుగా ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష రాస్తారు. డబ్బు గుంజడానికని అనుకోకండి.

స్టెరాయిడ్లు జ్వరాన్ని కప్పేస్తాయి. కాబట్టి కొద్దిపాటి జ్వరానికైనా, తగ్గని దగ్గుకైనా డాక్టరు దగ్గరికి వెళ్ళి, వాడుతున్న మందు పేరు ముందే చెప్పాలి. భయపడి చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్లను ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే.

చీటీ మీద తెలుగులో రాసిద్దామంటే పిన్నికి అదీ చదవడం రాదు. క్యాలెండరులో ఆదివారాల పక్కన ఎర్ర పెన్నుతో మాత్ర బొమ్మ గీసిచ్చాను.