ఆర్నో నది ఒడ్డున

ఉద్దేశం

పూర్వులు అందించిన కళాసంపదను, గ్రంథసంపదను కాపాడుకోవడం ప్రభుత్వాల బాధ్యత మాత్రమే కాదు. అది ప్రతి తరంలోని యువజనుల కర్తవ్యం కూడా. ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

ఇటలీ దేశంలోని టస్కనీ ప్రాంతానికి ముఖ్యపట్టణం ఫ్లోరెన్సు. ఇటలీవారు దానిని ఫిరెంజె అని పిలుస్తారు. ఆర్నో నది ఈ నగరం మధ్యగా ప్రవహిస్తుంది. ఐరోపా చరిత్రను మలుపు తిప్పిన సాంస్కృతిక పునరుజ్జీవనానికి ఈ నగరమే పుట్టినిల్లు. మహాకవి డాంటే 1265లో ఇక్కడ జన్మించాడు. 1865 నుండి 1871 వరకు ఇది ఇటలీ రాజ్యానికి రాజధానిగా ఉండేది. నగరంలోని ప్రాచీన భాగాన్ని యునెస్కో సంస్థ 1982లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బొలోనాలో ఇంజనీరింగు చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని, ఇద్దరు మిత్రులతో కలిసి ఒక శని, ఆదివారాలు ఆ నగరంలో గడిపిన వృత్తాంతమే ఈ పాఠం.

పాఠ్యభాగం

మార్చి నెలలో ఒక శనివారం ఉదయం. బొలోనా నుండి ఫ్లోరెన్సు వెళ్లే రైలు ఇంకా కదలలేదు. ఇంతలో విద్యార్థినికి రాజమహేంద్రవరం నుండి తండ్రి ఫోను చేశారు.

"అమ్మా, వచ్చే వారం ఇల్లు మారుతున్నాం. తాతగారి భోషాణంలో పుస్తకాలకు చెదలు పట్టింది. కొత్త ఇంట్లో అంత చోటు లేదు. పాత కాగితాల దుకాణం అతను తూకానికి తీసుకుంటానంటున్నాడు. ఇచ్చెయ్యమంటావా?"

"మీ ఇష్టం నాన్నగారూ! ఇప్పుడు వాటిని ఎవరు చదువుతారు?" అన్నది ఆమె.

రైలు కదిలింది. ఎదుటి ఆసనంలో కూర్చున్న ఇటలీ నెచ్చెలి, "మీ మాటలు కూడా మా మాటలలాగే అచ్చులతో ముగుస్తున్నాయే! ఏమిటి విశేషం?" అని అడిగింది.

"విశేషమేమీ లేదు. పాత కాగితాల సంగతి" అని విద్యార్థిని నవ్వి ఊరుకున్నది. రైలు అపెనైన్ పర్వతాల సొరంగాలలోకి ప్రవేశించింది. ఫోను సంకేతాలు తెగిపోయాయి. ఆ సంగతి అంతటితో మరుగున పడింది.

ఆ నెచ్చెలి స్వస్థలం ఫ్లోరెన్సు. ఆమె అమ్మమ్మగారు అక్కడే నివసిస్తున్నారు. మూడవవాడు పోలండు దేశపు యువకుడు. రెండు రోజులలో చూడవలసిన స్థలాల పట్టికను అతడు ముందుగానే తయారు చేసుకొన్నాడు. చూసినదాన్ని చూసినట్టు కొట్టివేయడం, ఛాయాచిత్రం తీయడం, తరువాతి స్థలానికి పరుగెత్తడం అతని పద్ధతి.

పట్టికలో మొదటిది నగరంలోని ప్రధాన దేవాలయం. సాంటా మరియా దెల్ ఫియోరె అని దాని పేరు. దాని నిర్మాణం 1296లో ప్రారంభమైంది. గుమ్మటం కోసం దాదాపు 45 మీటర్ల వెడల్పు గల ఖాళీ వదిలిపెట్టే విధంగా పని సాగింది. కాని అంతటి ఖాళీని ఎలా మూయాలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఆ ఎత్తున గుమ్మటాన్ని మోయగల కొయ్య ఆధారాన్ని నేల నుండి నిలబెట్టడం అసాధ్యమనిపించింది. చివరకు స్వర్ణకారుడిగా పని నేర్చిన బ్రూనెల్లెస్కీ ఆ బాధ్యతను తలకెత్తుకొన్నాడు.

1420లో మొదలుపెట్టిన గుమ్మటాన్ని అతడు 1436 నాటికి పూర్తి చేశాడు. ఒక గుమ్మటం లోపల మరొక గుమ్మటం ఉండేటట్లు కట్టించాడు. ఇటుకలను చేప ముల్లు ఆకారంలో పేర్పించాడు. అందువల్ల సున్నం ఆరకముందే ఇటుకలు జారిపడకుండా ఒకదానినొకటి పట్టుకొని నిలిచాయి. బరువులను పైకి చేర్చడానికి ఎద్దులతో తిప్పే యంత్రాన్ని కల్పించాడు. నలభై లక్షలకు పైగా ఇటుకలు పట్టిన ఈ గుమ్మటం నేటికీ నిలిచి ఉన్నది.

ఆ రెండు గుమ్మటాల నడుమ ఇరుకైన మెట్లు ఉన్నాయి. గుమ్మటం పైకి చేరడానికి మొత్తం 463 మెట్లు ఎక్కాలి. మిత్రులు ముగ్గురూ వాటిని ఎక్కారు. ఇంజనీరింగు విద్యార్థిని కావడం వల్ల ఆమె అడుగడుగునా ఆగి ఇటుకల వరుసలను తడిమి చూసింది. పునాది వేసినవారికి, గుమ్మటం పూర్తి చేసినవారికి మధ్య 140 సంవత్సరాలు గడిచాయి. "ఎలా పూర్తవుతుందో తెలియకుండానే మొదలుపెట్టారు! తరువాతి తరాలవారు చూసుకొంటారనే నమ్మకం ఎంత గొప్పది!" అని ఆమె ఆశ్చర్యపడింది. పైనుండి చూస్తే ఎర్రని పెంకుల ఇళ్ల మధ్య ఆర్నో నది సన్నని వెండి తీగవలె కనిపించింది.

మధ్యాహ్నం వారు అకాదెమియా చిత్రశాలలో మైకెలాంజెలో చెక్కిన దావీదు శిల్పాన్ని దర్శించారు. ఇతర శిల్పులు మొదలుపెట్టి విడిచిన పాలరాతి నుండి 1501, 1504 సంవత్సరాల మధ్య అతడు ఈ మహోన్నత శిల్పాన్ని మలిచాడు. దీని ఎత్తు 5.17 మీటర్లు. సాయంకాలం పాత వంతెన మీద నిలిచి సూర్యాస్తమయం చూశారు. 1345లో పునర్నిర్మితమైన ఈ వంతెనకు ఇరువైపులా స్వర్ణకారుల దుకాణాలు ఉన్నాయి. 1944లో జర్మను సైన్యం వెనుకకు మళ్లుతూ నగరంలో ఆర్నో మీది వంతెనలన్నింటినీ కూల్చివేసింది. ఇది ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి వారు నెచ్చెలి అమ్మమ్మగారి ఇంట బస చేశారు. సాంటా క్రోచె దేవాలయానికి దగ్గరలో ఉన్నది ఆ ఇల్లు. వీధి మలుపులో ఒక గోడ మీద, తలెత్తి చూడవలసినంత ఎత్తున, చిన్న ఫలకం కనిపించింది. దాని మీద ఒక గీత, 1966 నవంబరు 4 అనే తేదీ చెక్కి ఉన్నాయి.

"ఆ గీత దాకా నీళ్లు వచ్చాయి" అన్నారు ఎనభై ఏళ్లకు చేరువైన ఆ వృద్ధురాలు, భోజనాల బల్ల దగ్గర కూర్చున్న తరువాత. "ఆ రోజు సెలవు. ఊరు నిద్రలో ఉండగానే ఆర్నో గట్లు దాటింది. ఊళ్లోను, చుట్టుపట్ల గ్రామాలలోను కలిపి 35 మంది చనిపోయారు. ఇళ్లలో వెచ్చదనం కోసం నిలవ చేసుకొన్న నూనె బురదలో కలిసింది. నీరు తీసిన తరువాత గోడలకు ఆ నల్లని జిడ్డు మిగిలింది."

ఆర్నో ఒడ్డుననే ఉన్న జాతీయ గ్రంథాలయంలోకి వరద చొరబడింది. పది లక్షలకు పైగా గ్రంథాలు, పత్రికలు, ఇతర ప్రతులు బురద పాలైనాయి. ఆ వార్త వినగానే ఇటలీ నలుమూలల నుండి, ఇతర దేశాల నుండి వేలాది యువతీయువకులు తరలివచ్చారు. పలువురు రైలు పెట్టెలలో పడుకొన్నారు. నగరవాసులు వారిని బురద దేవదూతలని పిలుచుకొన్నారు.

"అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. మా కళాశాలలో ఎవరూ మమ్మల్ని వెళ్లమని చెప్పలేదు. మేమే వెళ్లాం. నేలమాళిగ నుండి పైవరకు వరుసగా నిలబడి పుస్తకాలను ఒకరి చేతి నుండి మరొకరి చేతికి అందించాం. తడిసిన పుస్తకాన్ని తెరిస్తే చినుగుతుంది. కనుక తెరవకుండానే అందించాం."

"మీ చేతుల మీదుగా వెళ్లినవి ఏ పుస్తకాలండీ?" అని అడిగింది విద్యార్థిని.

"నాకు నేటికీ తెలియదమ్మాయీ. అట్టల మీద బురద. ఒక్క పేరైనా చదవలేకపోయాను. వాటిని ఎవరు చదువుతారని అడగాలని కూడా మాకు తోచలేదు. పక్కన చేతులు చాచి ఒకరు నిలబడి ఉన్నారు. అందించాం, అంతే."

ఆ మాట విద్యార్థిని మనస్సులో ములుకువలె నాటుకొన్నది. "ఎవరు చదువుతారు?" అని ఉదయం తాను తండ్రితో అన్న మాట గుర్తుకు వచ్చింది. ఆమె తాతగారు బడిపంతులు. గోదావరి మీద పడవలు నడిపేవారు పాడుకొనే పాటలను ఊరూరా తిరిగి సేకరించి చేతివ్రాత పుస్తకాలలో ఎక్కించారు. 1986 వరదలలో నీళ్లు గడప దాటినప్పుడు ఆయన ముందుగా ఆ భోషాణాన్నే అటక మీదికి ఎక్కించారని అమ్మ చెప్పేది. వెంటనే ఫోను చేద్దామనుకొన్నది. కాని అప్పటికి రాజమహేంద్రవరంలో అర్ధరాత్రి దాటింది.

మరునాటి మధ్యాహ్నం వారు సాంటా క్రోచె దేవాలయానికి వెళ్లారు. మైకెలాంజెలో, గెలీలియో, మకియవెల్లి మొదలైన మహనీయుల సమాధులు అక్కడే ఉన్నాయి. అక్కడ చిమబూయె అనే పూర్వ చిత్రకారుడు కొయ్య మీద చిత్రించిన పెద్ద శిలువ ఒకటి ఉన్నది. 1966 వరదలో దాని రంగులో సగానికి పైగా కొట్టుకొనిపోయింది. నిపుణులు ఏళ్ల తరబడి శ్రమించి దానిని 1976 నాటికి బాగుచేశారు. అయితే పోయిన భాగాన్ని కల్పించి గీయలేదు. ఆ భాగాన్ని కంటికి ఇబ్బంది కలిగించని సన్నని రంగు గీతలతో నింపి వదిలారు. ఏది మిగిలిందో, ఏది పోయిందో చూపరులకు స్పష్టంగా తెలుస్తుంది. వసారి చిత్రించిన చివరి విందు చిత్రానిది మరొక కథ. వరదలో మునిగిన ఆ చిత్రం సరిగా యాభై ఏళ్లకు, 2016లో, తిరిగి సాంటా క్రోచెకు చేరింది.

పోలండు మిత్రుడు పట్టికలో తరువాతి స్థలం పేరు చదివాడు. విద్యార్థిని వినిపించుకోలేదు. ఆమె గబగబ బయటికి వచ్చి, దేవాలయం మెట్ల మీద కూర్చుని తండ్రికి ఫోను చేసింది.

"నాన్నగారూ, తాతగారి భోషాణం ఇవ్వకండి!"

అవతల కొంతసేపు నిశ్శబ్దం. "సగం నిన్న సాయంత్రమే ఇచ్చేశాను తల్లీ. నువ్వు వద్దనలేదు కదా! రెండు తాటాకు కట్టలు, ఒక పాటల పుస్తకం మాత్రం మీ అమ్మ ఇవ్వనివ్వలేదు."

"పాటల పుస్తకాలు మొత్తం ఎన్ని ఉండేవి?"

"ఏడో, ఎనిమిదో. నేను లెక్క పెట్టలేదమ్మా."

ఆమె కళ్లు చెమర్చాయి. తండ్రిని తప్పు పట్టడానికి నోరు రాలేదు. తప్పు తనది కూడా. "ఆ దుకాణం ఎక్కడ నాన్నగారూ?"

"మెయిన్ రోడ్డు సందులో. చీకటి పడలేదు, తెరిచే ఉంటుంది. ఉండు, చెప్పులు వేసుకొంటున్నాను."

ఫోను ఆగిపోయింది. మిత్రులు వచ్చి ఆమెకు చెరొక పక్కన కూర్చున్నారు. విషయం విన్న పోలండు యువకుడు తన పట్టికను మడిచి జేబులో పెట్టుకొన్నాడు. ఆ సాయంకాలం వారు మరే స్థలానికీ వెళ్లలేదు. తిరుగు రైలు సొరంగాలలో ప్రవేశించేలోగా తండ్రి నుండి సందేశం వచ్చింది. "మూడు దొరికాయి. తక్కినవి బండి ఎక్కి వెళ్లిపోయాయట."

విద్యార్థిని నోటు పుస్తకం తెరిచి మొదటి పుటలో ఇలా వ్రాసుకొన్నది: పాటల పుస్తకాలు నాలుగు, తాటాకు కట్టలు రెండు. వేసవి సెలవులలో ఇంటికి వెళ్లగానే చదవాలి. నకలు తీయాలి.

అర్థాలు

భోషాణం = పెద్ద కొయ్యపెట్టె
నెచ్చెలి = స్నేహితురాలు
గుమ్మటం = గుండ్రని గోపుర శిఖరం
నేలమాళిగ = నేల అడుగున కట్టిన గది
ములుకు = బాణపు మొన
అటక = ఇంటి పైకప్పు కింద సామాను ఉంచే చోటు
నకలు = మరొక ప్రతి

సంధులు

పుట్టిన + ఇల్లు = పుట్టినిల్లు – అత్వ సంధి
గ్రంథ + ఆలయం = గ్రంథాలయం – సవర్ణదీర్ఘ సంధి
మహా + ఉన్నతం = మహోన్నతం – గుణ సంధి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు రెండు లేక మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.

1. బ్రూనెల్లెస్కీ గుమ్మటంలో ఇటుకలను ఏ విధంగా పేర్పించాడు? దానివల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి?
2. బురద దేవదూతలని ఎవరిని పిలిచారు? ఎందుకు?
3. చిమబూయె శిలువలో పోయిన భాగాన్ని నిపుణులు ఎందుకు కల్పించి గీయలేదని మీరు భావిస్తున్నారు?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. "ఎవరు చదువుతారు?" అన్న విద్యార్థిని మనస్సులో కలిగిన మార్పును వివరించండి.
2. మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని ఉన్న పాత పుస్తకం, శాసనం, కట్టడం లేదా పాట ఏదైనా ఒకదాన్ని పరిశీలించి, దానిని కాపాడటానికి మీరు చేయగల పనిని వ్రాయండి.