ఓటీపీ ఎవరి ఫోన్‌కి వచ్చింది?

సమస్య

నాకు 31 ఏళ్లు. మాది పల్నాడు జిల్లా, నరసరావుపేట దగ్గర పల్లె. పుట్టిల్లు దర్శి పక్కన. పదో తరగతి దాకా ఆ చుట్టుపక్కలే చదివాను. ఒంగోలులో డీఎడ్ చేశాను. 2018 డీఎస్సీ రాస్తే కొద్దిలో పోయింది. ఆ మరుసటేడు పెళ్లయింది. బాబుకి నాలుగేళ్లు. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా, వారానికోసారి ఇంటికొస్తారు. మామగారు లేరు. ఇంట్లో అత్తగారు, నేను, బాబు.

పెళ్లయ్యాక పుస్తకాలు అటకెక్కాయి. బాబు కాస్త పెద్దవాడయ్యాక మళ్లీ దించి, వాడు నిద్రపోయాక చదువుకుని 2024 అక్టోబరులో టెట్ రాశాను. 150కి 124 వచ్చాయి. మా నాన్న ఫోన్‌లోనే ఏడ్చేశాడు. ఇక ఉద్యోగం దక్కినట్టే అనుకున్నాను. మెగా డీఎస్సీ పడింది గానీ అప్లికేషన్ పెట్టడం కుదరలేదు. చివరి రోజు అత్తగారు "పిల్లాణ్ణి నేను చూసుకుంటా, వెళ్లిరా" అంటే నరసరావుపేటలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. నా ఆధార్‌కి, టెట్‌కి అన్నిటికీ మా ఆయన నంబరే ఇచ్చి ఉండటంతో ఓటీపీ ఆయనకి పోయింది. బస్తాల లెక్కల్లో ఉండి పాపం ఫోన్ ఎత్తలేదు. ఎత్తి చెప్పేసరికి టైం అయిపోయిందన్నాడు సెంటర్ అబ్బాయి. మళ్లీ పంపిస్తే "ఇక్కడ పార్టీ ఉన్నారు, రాత్రికి చూద్దాం" అన్నారు. రాత్రి ఆయన ఫోన్ చేసేసరికి సెంటర్ కట్టేశారు. ఆయన్ని నేనేమీ తప్పు పట్టడం లేదు.

నా సమస్య ఏంటంటే, వచ్చే డీఎస్సీకి అవనిగడ్డ వెళ్లి హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకోవాలా, ఆన్‌లైన్ క్లాసులు సరిపోతాయా? బాబుని వదిలి వెళితే తప్పా? "ఇన్నేళ్లు రానిది ఇప్పుడొస్తుందా" అంటోంది మా ఆడపడుచు. నన్ను మీ కూతురనుకుని చెప్పండి.

- ఒక సోదరి, పల్నాడు జిల్లా

సలహా

కూతురనుకోమన్నావు కాబట్టి మీరు, గారు అనే మర్యాదలు పక్కన పెడుతున్నానమ్మా.

అడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను. అవనిగడ్డ అక్కర్లేదు. పిల్లాడు పడుకున్నాక చదివి 124 తెచ్చుకున్నదానికి చదవడం ఎలాగో ఇంకొకరు నేర్పాలా? టెట్ వెయిటేజీ 20 మార్కుల్లో నీ వాటా బాగానే ఉంటుంది. మిగతా 80 మార్కుల పరీక్షకి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు, నీ డీఎడ్ పుస్తకాలు ముందు పూర్తి చెయ్యి. ఎక్కడైనా తడబడితే ఆన్‌లైన్ క్లాసు విను. పరీక్ష కంప్యూటర్ మీద కాబట్టి మౌస్‌తో నాలుగు మాక్ టెస్టులు రాసి చేయి అలవాటు చేసుకో. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక నువ్వు రాసే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పోస్టులకి బీఎడ్ వాళ్లు పోటీలో లేరు. మొన్నటి డీఎస్సీలో వయోపరిమితి 44 ఏళ్లు. నీకు 31. మీ ఆడపడుచు మాట అక్కడికక్కడే వదిలెయ్.

ఇక నేను ఈ ఉత్తరం పక్కన పడెయ్యలేకపోయింది ఓటీపీ సంగతి చూశాక. కోచింగ్ గురించి అంత మథనపడుతున్న పిల్లవి, అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో దాన్ని మాత్రం ఏదో బస్సు తప్పిపోయినట్టు రాసి దాటేశావు.

2018 తర్వాత రాష్ట్రంలో డీఎస్సీ పరీక్ష జరగడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు నేను చెప్పక్కర్లేదు. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు, అది పరీక్ష దాకా రానేలేదు. చివరికి 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అందులో ఎస్జీటీలే 6,371. దరఖాస్తుకి మే 15 దాకా గడువిచ్చారు. వారానికోసారి ఇంటికొచ్చే మనిషి ఆ గడువులో ఇంటికి రాకుండా ఉన్నాడా? వచ్చిన రోజున ఆ ఫోన్ నీ చేతికిచ్చి, పక్కన కూర్చుని, 750 రూపాయల ఫీజు కట్టేస్తే ఎంతసేపు పట్టేది? నువ్వు చివరి రోజు దాకా ఆగింది బద్ధకించి అయ్యుండదు. చెబుతూనే ఉండుంటావు, ఆయన "చూద్దాంలే" అంటూనే ఉండుంటాడు.

ఆయన్ని తప్పు పట్టడం లేదన్నావు. నేను పడుతున్నాను. ఏ రైతువి ఎన్ని బస్తాలు, ఏ వ్యాపారి ఎంత బాకీ, ఏ లారీ ఎప్పుడు కదలాలి అన్నది నోటిమీద చెప్పగలిగితేనే యార్డులో గుమాస్తాగా నిలబడతారు. అలాంటి మనిషికి మే 15 గుర్తులేదంటే నేను నమ్మను. దుర్మార్గుడని అనడం లేదమ్మా, ఎండలో మిర్చి ఘాటు పీలుస్తూ మీ కోసమే కష్టపడుతున్నాడు. కానీ నీ ఉద్యోగం ఆ ఇంటికి పెద్ద విషయమని ఆయన మనసులో పడలేదు. పడి ఉంటే ఆ పార్టీని ఒక్క నిమిషం ఆగమనేవాడు.

ఇది మీ ఒక్క ఇంటి కథ అయితే ఇంత రాయను. సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి డీఎడ్ చేసిందా, టెట్‌లో ఎన్నొచ్చాయి, డీఎస్సీ ఎప్పుడు పడుతుంది అని ఆరా తీయని మగపెళ్లివారు ఎందరుంటారు? కట్నం దగ్గర కూడా ఆ మార్కులు లెక్కలోకి వస్తాయి. తీరా పెళ్లయ్యాక, ఆ పిల్ల ఒక రెండు గంటలు తలుపేసుకుని చదువుకుంటానంటే ఇంట్లో అందరికీ అప్పుడే పని గుర్తొస్తుంది. మార్కులు అడిగి మరీ తెచ్చుకున్న కోడలి పుస్తకాలకి చోటు అటక మీదేనా? కోడలి జీతం కావాలి గానీ, ఆ జీతం రావడానికి ముందు పడాల్సిన పాట్లలో ఇంటిల్లిపాదికీ భాగం ఉందని ఎందుకు తోచదు?

కన్నవాళ్లనీ వదలను. అప్పో సప్పో చేసి కూతురికి చదువు చెప్పిస్తారు, పెళ్లిలో బీరువా, మంచం, మంగళసూత్రాలు అన్నీ అమరుస్తారు. ఆమె పేరు మీద ఒక సిమ్, ఆమె చేతిలో ఒక ఫోన్, ఆమె సర్టిఫికెట్ల ఫైలు ఆమె పెట్టెలోనే పెట్టి పంపాలని మాత్రం మర్చిపోతారు. ఆధార్‌లో పెళ్లికి ముందు నాన్న నంబరు, తర్వాత మొగుడి నంబరు. చెడు ఉద్దేశంతో ఎవరూ ఇవ్వరు. ఇంకో రీచార్జి ఖర్చెందుకని ఇస్తారు. పూర్వం కాగితం మీద దరఖాస్తు నింపి, కింద సంతకం పెట్టి, పోస్టులో వేస్తే సరిపోయేది. ఆ సంతకం ఎవరిది వాళ్ల చేతిలో ఉండేది. ఇప్పుడు ఓటీపీ కొట్టందే పేజీ తెరుచుకోదు. హాల్‌టికెట్, రెస్పాన్స్ షీట్, కీ మీద అభ్యంతరం, సర్టిఫికెట్ల పరిశీలనకి పిలుపు, ఆఖరికి ఏ బడి కావాలో కోరుకునే వెబ్ ఆప్షన్ల దాకా ప్రతిచోటా ఆ నంబరే. అది ఇంకొకరి జేబులో ఉన్నంతకాలం, నీకు 124 కాదు 150 వచ్చినా నువ్వు అడుక్కుంటూనే ఉండాలి. పొలం పాసుపుస్తకం ఎవరి పేరున ఉండాలా అని ఇళ్లలో అంత పట్టుదలకి పోతారే, అందులో పదో వంతు పట్టుదల ఆడపిల్ల ఫోన్ నంబరు దగ్గర కూడా ఉండాలని నా కోరిక.

కాబట్టి పుస్తకం తెరిచేముందు ఈ పనులు చెయ్యి. నీ ఆధార్‌తో నీ పేరున సిమ్ తీసుకో. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి, ఆ నంబరు ఆధార్‌కి మార్పించుకో. దానికి వేరే కాగితాలేమీ అక్కర్లేదు. బ్యాంకు ఖాతాలోనూ అదే ఇవ్వు. ఈమెయిల్ నీదే తెరిచి, పాస్‌వర్డ్ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో. రీచార్జి మాత్రం ఆపొద్దు. నెలల తరబడి చేయకపోతే వచ్చే మెసేజీలు కూడా ఆగిపోతాయి, నంబరే పోతుంది. టెట్ మార్కుల కార్డు, డీఎడ్, ఇంటర్, పదో తరగతి మెమోలు, 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం ఉంటే అది, అన్నీ ఒక ఫైల్లో నీ దగ్గరే ఉండాలి. పుట్టింట్లో ఏవైనా మిగిలిపోతే ఈ పండక్కే తెచ్చుకో. ఇకపై ఏటా డీఎస్సీ అంటున్నారు, ఆ మాట నిలబడ్డా నిలబడకపోయినా నీ ఫైలు సిద్ధంగా ఉండాలి. మీ ఆయన్ని అనుమతి అడగకు, సంగతి చెప్పు. గడువు మొదటి వారంలోనే నీ నంబరుతో, నీ చేత్తో దరఖాస్తు పెట్టేసి అప్పుడు ఫోన్ చెయ్యి.

నీ ఉత్తరంలో ఇంకో మాట నువ్వే గమనించినట్టు లేదు. ఆ చివరి రోజు పిల్లాణ్ణి తీసుకుని నిన్ను వెళ్లిరమ్మన్నది మీ అత్తగారు. ఆ ఇంట్లో నీ పరీక్ష గురించి ముందుగా కదిలింది ఆవిడే. "సాయంత్రం రెండు గంటలు చదువుకుంటాను, బాబుని చూడండి" అని ఆవిడనే అడుగు. కాదనదని నాకనిపిస్తోంది.

ఆఖరున ఒక లెక్క. నువ్వు చదివింది దర్శి వైపు కాబట్టి డీఎస్సీలో నీ స్థానికత ఉమ్మడి ప్రకాశం జిల్లాకే వస్తుంది, పెళ్లయి గుంటూరు వైపు వచ్చినంత మాత్రాన అది మారదు. మొన్న పోస్టులు కూడా ఉమ్మడి జిల్లాల ప్రకారమే లెక్కేశారు, జిల్లా పోస్టుల్లో 80 శాతం స్థానికులకే. అంటే నీకు ఉద్యోగం వస్తే ప్రకాశం బడిలోనే వచ్చే అవకాశం ఎక్కువ. మీ ఆయన ఆ "చూద్దాంలే" వెనక ఈ భయం కూడా ఉందేమో కనుక్కో. ఇప్పుడే నువ్వు, ఆయన, అత్తగారు కూర్చుని మాట్లాడుకోండి. నరసరావుపేట నుంచి వినుకొండ, కురిచేడు, దొనకొండ మీదుగా రైలు మార్గం ఉంది. ఆ వైపు మండలమైతే ఇక్కణ్ణుంచే వెళ్లిరావడమా, లేక కాపురమే దర్శికి మార్చడమా అన్నది తేల్చుకోండి. ఆయన ఎలాగూ వారానికోసారి వచ్చే మనిషే, గుంటూరు నుంచి నరసరావుపేటకి బదులు దర్శి వస్తాడు. అత్తగారు మీతో వస్తారో లేదో ఆవిడనే అడుగు.